ఏదో రెండు ఉండాయి సామీ

సార్ పోయారని మా పాత ఫెలోల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి ఫోను చూశాను. ఆ వార్త కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. ఎవరో ఆయన ఫోటో కూడా పెట్టారు. అందులో ఆయన చూపుడువేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చి ఎదురుగా ఉన్న ఎవరికో ఏదో చెబుతున్నారు. తెలియనివాళ్ళు చూస్తే, ఏదో సూక్ష్మమైన సంగతి విడమరుస్తున్నారనుకుంటారు. కాదు. నీ మాట అంత పొడుగు వద్దు, ఇంతకు కుదించు అని దాని అర్థం. ఆ రెండు వేళ్ళ మధ్య నలిగినవాళ్ళలో నేనొకదాన్ని కాబట్టి నాకు తెలుసు.

నాకు ఏడుపు రాలేదు. ఇడ్లీలు దించి, అమ్మకు పెట్టి, నేనూ తిని బస్సెక్కాను. పాపిరెడ్డిపట్టి దగ్గర మా ఊరు. సేలం పక్కనున్న మా ధర్మపురిలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, రోజూ బస్సులో వెళ్ళొస్తాను. సగం దారిలో ఉండగా పెన్నాగరం ఫోను చేశాడు. పెన్నాగరం ఊరి పేరే, కానీ ఇక్కడ మనిషి పేరు. ఆ పేరెలా వచ్చిందో చెబుతాను.

"అక్కా, గ్రూపులో అందరూ ఏదో ఒకటి పెట్టినారు. నువ్వొక్కదానివే ఏమీ పెట్టలేదే" అన్నాడు.

"పెట్టబుద్ధి కాలేదు."

"ఇంకా ఏమి కోపమక్కా? పోయినోళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదు."

"ఉండినప్పుడు మాట్లాడనిచ్చినాడా?" అన్నాను.

"అదీ నిజమేలే" అని పెట్టేశాడు.

వారం తిరిగాక చెన్నై నుంచి సంస్థవాళ్ళ ఫోను. ఎవరో మేడం, చాలా మర్యాదగా మాట్లాడింది. ఇకనుంచి ఫెలోషిప్‌కు సార్ పేరే పెడుతున్నారట. స్మారక సంచిక వేస్తున్నారట. "మీరు తెలుగులో రెండు పేరాలు రాయాలండీ. సార్ మిమ్మల్ని ఎలా తీర్చిదిద్దారో రాస్తే చాలు. మీకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా సారేనట కదా!" అంది.

రాస్తానన్నాను. రాస్తున్నాను. ఇవి రెండు పేరాలకు లొంగేట్టు లేవు, వాళ్ళు వేసుకునేట్టూ లేవు. అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. ఫెలోషిప్‌లో ఉన్న ఏడాదిలో ఆయన నన్ను ఒక్కసారి కూడా నా పేరుతో పిలవలేదు. ఇంటర్వ్యూలో ఆయన అడిగిన మొదటి మాట, "ఏ ఊరు?" చెప్పాను. "అయితే నువ్వు పాపిరెడ్డిపట్టివి" అన్నారు. అదే ఖాయమైంది. పెన్నాగరం నుంచి వచ్చినవాడు పెన్నాగరం, కారిమంగళం అమ్మాయి కారిమంగళం. మేం దరఖాస్తులో పేర్లు రాసుకున్నాం, ఫోటోలు అంటించుకున్నాం. ఆయన దాన్ని తిప్పి కూడా చూడలేదు. మొదట్లో మాకది ముద్దుగానే ఉండేది. మా అంతట మేమే ఒకరినొకరం అలా పిలుచుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, ఆయనకు కావాల్సింది మేం కాదు, మా ఊళ్ళు.

ఆ సంస్థ పని ఏమిటంటే, ప్రభుత్వం ఏ భూమిని ఏం చేయాలి, ఏ పథకం ఉంచాలి, ఏది ఎత్తేయాలి అని నివేదికలు రాసి అధికారుల చేతిలో పెట్టడం. ఏటా పీజీ పిల్లల్ని ఫెలోలుగా తీసుకునేవారు. ధర్మపురిలో బస్టాండుకు దగ్గరగా, విత్తనాలూ పురుగుమందులూ అమ్మే ఒక అంగడి మీద మేడలో మా ఆఫీసు. పొద్దున మెట్లెక్కుతుంటేనే మందు వాసనకు కళ్ళు నీళ్ళొచ్చేవి. ఆయన నెలకోసారి చెన్నై నుంచి కారులో దిగేవారు. ఆయన కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. దాని గురించి పెద్ద పెద్ద సభల్లో చెప్పుకునేవారు. ఎవరి ఊరికి వాళ్ళనే పంపాలి. "బయటివాడు పోతే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారు. మీరు పోతే వంటింట్లోకి రమ్మంటారు. మీ వంటిల్లే నా ల్యాబొరేటరీ" అనేవారు. మేం తబ్బిబ్బయిపోయేవాళ్ళం. మా ఇంటి పొగ చూరిన వంటింటికి అంత గొప్ప పేరు పెట్టినవాడు అంతకు ముందెవరూ లేరు.

ఆయనకో ఫ్లాస్కు ఉండేది. ముదురాకుపచ్చ రంగుది. ఎండాకాలంలో కూడా వేన్నీళ్ళే తాగేవారు, చప్పుడు చేస్తూ, ఒక్కొక్క గుటకా. ఆ ఫ్లాస్కు పట్టుకుని పక్కన నిలబడే పని మాలో ఎవరో ఒకరిది. ఇది ఎవరూ మాకు చెప్పలేదు. ఆయన చెయ్యి చాపేవారు, మేం అందుకునేవాళ్ళం. ఆయన చెయ్యి చాపినప్పుడు ఎవరున్నారని చూసేవారు కారు. ఎవరో ఒకరు ఉంటారని తెలుసు.

ఊళ్ళకు వచ్చినప్పుడు కారు దిగేవారు కారు. అద్దం సగం దించేవారు. మాటలు ఆ సగంలోంచే. "పల్లె వాసన మీ బట్టలకు అంటుకోవాలి, అప్పుడే అది పరిశోధన" అని మాకు పాఠం చెప్పిన మనిషి, మా ఊరొచ్చినప్పుడు మా అమ్మ తెచ్చిన మజ్జిగ గ్లాసు కేసి చూసి, చిరునవ్వు నవ్వి, ఫ్లాస్కు కోసం చెయ్యి చాపారు. గ్లాసు పట్టుకున్న మా అమ్మ అలాగే నిలబడింది. ఆ రాత్రి అన్నం తింటూ అడిగింది. "మనోడే అంటివి, తెలుగోడే అంటివి. మజ్జిగ తాగని తెలుగోడు ఉంటాడా పాపా?" నేను ఆయన ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

అవును, ఆయన తెలుగువారే. కృష్ణ ఒడ్డు తెలుగు. వింటుంటే పుస్తకంలోంచి చదువుతున్నట్టుండేది. మాది వేరే. ఎన్నో తరాల కింద మందలు తోలుకుని ఇటొచ్చి ఉండిపోయినవాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. చదువంతా తమిళంలో. తెలుగు అక్షరం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఒకసారి హైదరాబాదు నుంచి ఎవరో పెద్దమనుషులు వస్తే, ఆయన నన్ను ముందుకు పిలిచి, "పాపిరెడ్డిపట్టీ, ఏదీ, మీ ఇంటి తెలుగు కాస్త వినిపించు" అన్నారు. "ఏమి చెప్పేది సార్?" అన్నాను. ఆ మాటకే అందరూ నవ్వారు. "చూశారా, వందల ఏళ్ళు ఫ్రిజ్‌లో పెట్టి తీసినట్టు లేదూ!" అన్నారు ఆయన. తల కొట్టేసినట్టయింది. మా అమ్మ నాకు జోల పాడిన భాష అది.

మర్నాడు అందరి ముందూ చిన్నపిల్లల అక్షరాల పుస్తకం, రంగురంగుల బొమ్మలది, నా చేతిలో పెట్టారు. "ముందు ఇది నేర్చుకో, తర్వాత తెలుగు అను." పౌరుషంతో నేర్చుకున్నాను. బస్సులో వస్తూ పోతూ నేర్చుకున్నాను. మొదటిసారి నేను ఒక పేజీ రాసి తీసుకెళితే, ఆయన తన పెన్సిల్ తీసి ఒక్కొక్క అక్షరం దిద్దారు. వత్తులు ఎక్కడ తగిలించాలో, ఏ దీర్ఘం ఎక్కడ ఎగరాలో ఓపిగ్గా చూపించారు. అంతసేపూ ఆయన వేళ్ళు ఒక్కసారి కూడా దగ్గరికి రాలేదు. ఈ ఒక్క ముక్కా సంచికవాళ్ళు వేసుకోవచ్చు. నేను అబద్ధం చెప్పను. ఇప్పుడు మీరు చదువుతున్నది ఆయన దిద్దించిన అక్షరాలతోనే రాస్తున్నాను.

ఇక అసలు సంగతి.

మా ఊరికీ కొండకూ మధ్య మేత పోరంబోకు ఉండేది. మావాళ్ళు దాన్ని మేచ్చలు అంటారు. పెద్ద పచ్చికేమీ కాదు, తుప్పలూ రాళ్ళే ఎక్కువ. కానీ వాన పడితే చాలు, మందలన్నిటికీ అదే ఆధారం. అది ఉంటే పశువులుంటాయి, పశువులుంటే మా ఇళ్ళుంటాయి. దాన్ని సోలారు పలకలకు ఇవ్వొచ్చా, వాడుకలో ఉందా లేదా అని చూసి చెప్పే పని మా సంస్థకు వచ్చింది. సార్ మా ఊరికి నన్నే పంపారు. నేను ఎగిరి గంతేశాను. మావాళ్ళ సంగతి మావాళ్ళలో ఒకతే రాస్తే ఇక మేచ్చలుకు భయమేముంది అనుకున్నాను.

ప్రశ్నలన్నీ చెన్నైలో తయారై వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది, మీ ఇంట్లో పశువులెన్ని?

మాలో పశువుల లెక్క నోటితో చెప్పరు. దొడ్డి నిండా ఉన్నా సరే, "ఏదో రెండు ఉండాయి" అంటారు. లెక్క పైకి చెబితే దిష్టి తగులుతుందని. అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. కారిమంగళం సంతలో పశువుల బేరగాడు కూడా ఎన్ని ఉన్నాయని అడగడు. కట్టుగొయ్యలు ఎన్ని నాటినారు అని అడుగుతాడు. కొయ్యలకు దిష్టి లేదు. కొయ్యల లెక్క ఎవరైనా ఠక్కున చెబుతారు, కొయ్యకొక పశువు అని అర్థం. మా ఊళ్ళో నడక నేర్చిన పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది.

ఇల్లిల్లూ తిరిగాను. పెద్దమ్మలు, మామలు, అందరూ నన్ను వంటింట్లోకే పిలిచారు, సార్ చెప్పినట్టే. కాగితం మీది ప్రశ్న అడిగాను. అందరూ ఒకే మాట చెప్పారు, ఏదో రెండు ఉండాయని. ఆ వెంటనే కొయ్యలెన్ని అని అడిగాను. గుక్కతిప్పుకోకుండా చెప్పారు. నేను పక్కన ఒక కాలమ్ గీసుకుని కొయ్యల లెక్క రాసుకున్నాను. మా ఊరి మంద ఎంత పెద్దదో ఆ కాలమ్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

సార్ ధర్మపురి వచ్చినప్పుడు కాగితాలు ముందు పెట్టాను. పెన్సిల్ ఆ కాలమ్ దగ్గర ఆగింది.

"ఇదేమిటి పాపిరెడ్డిపట్టీ?"

"కట్టుగొయ్యలు సార్. మావాళ్ళు పశువుల లెక్క చెప్పరు. కొయ్యలంటే చెప్తారు."

"పశువులెన్ని అంటే ఏమన్నారు?"

"రెండు అన్నారు సార్. ఊరంతా రెండే అన్నారు. అందుకే కదా సార్..."

వేళ్ళు దగ్గరికొచ్చాయి. నేను ఆగిపోయాను.

"చెప్పినవాడు చెప్పింది డేటా. తక్కినదంతా కవిత్వం. కవిత్వానికి నా దగ్గర కాలమ్ లేదు" అన్నారు. ఆ మాట ఆయన ఊతపదం. అంతకు ముందు పెన్నాగరంతో అన్నప్పుడు మేమందరం నవ్వుకున్నాం కూడా. వాడు కావేరి ఒడ్డున ఎవరో ముసలాయన కష్టం గురించి పేజీలు పేజీలు రాసుకొచ్చాడు, ఆయన దాన్ని ఒక వాక్యం చేసి పారేశారు. మనదాకా వస్తే గానీ తెలియదు.

"సార్, ఒక్కసారి పొద్దున మంద మేతకు తోలేటప్పుడు వచ్చి చూడండి. మీకే తెలుస్తుంది."

"మీ ఊరు వచ్చాను కదమ్మా."

"కారులోనే ఉన్నారు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వచ్చినప్పుడు అలా చేసేవారు, గొంతు మాత్రం పెరిగేది కాదు. "నువ్వు ఆ ఊరి పిల్లవి. వాళ్ళ మీద జాలి ఉంటుంది. తప్పు లేదు. కానీ జాలి పాలసీ కాదు" అని, స్కేలు పెట్టి మరీ, ఆ కాలమ్ మీద ఒక గీత గీశారు. నేను చేసిన పనిని ఎవరైనా చించేస్తే ఇంత బాధపడేదాన్ని కాదేమో. ఆయన గీత వంకర లేకుండా, ఎంతో శ్రద్ధగా గీశారు.

ఆ తర్వాత నెలలో ధర్మపురిలో ఒక హోటలు హాల్లో సమావేశం. జిల్లా అధికారులు, సోలారు కంపెనీవాళ్ళు, చెన్నై నుంచి వచ్చినవాళ్ళు. కార్యక్రమంలో "ఊరి గొంతు" అని ఒక అంశం పెట్టారు. "మీ అమ్మగారిని తీసుకురా. అధికారులకు నేరుగా వినిపిద్దాం" అన్నారు సార్. నాకు ప్రాణం లేచొచ్చింది. నా కాలమ్ కొట్టేసినా మా అమ్మ నోరు కొట్టేయలేరు కదా అనుకున్నాను. అమ్మ పెట్టెలోని పట్టుచీర తీసి కట్టింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తమిళంలో పాఠంలాగా వల్లెవేసుకుంది. అయ్యా, ఆ మేచ్చలు మాకు అమ్మ లాంటిది, దాన్ని తీసుకోవద్దండి, పశువులకు వేరే దోవ లేదండి. "సరిగ్గా ఉండాదా పాపా? 'అయ్యా' చాలునా, 'దొరా' అనాల్నా?" అని అడిగింది. 'అయ్యా' చాలన్నాను.

అమ్మను వేదిక మీదికి పిలిచి, కుర్చీ వేసి, మైకు ముందు పెట్టారు. అమ్మ గొంతు సవరించుకుంది. అమ్మ నోరు తెరిచేలోపే సార్ తన శుభ్రమైన తెలుగులో, ఎంతో మర్యాదగా అడిగారు.

"అమ్మగారూ, మీకు ఒకే ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో పశువులు ఎన్ని ఉన్నాయండీ?"

హాలు నిండా ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఎదురుగా ఫోటోలు తీసేవాళ్ళు. అంతమంది చూపుల ముందు ఏ తల్లి తన పశువుల లెక్క చెబుతుంది? అమ్మ నా వైపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

"ఏదో రెండు ఉండాయి సామీ."

సార్ దాన్ని తమిళంలో చెప్పారు, ఇంగ్లీషులో చెప్పారు. "ఈమె కూతురు మా ఫెలోనే. ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం నేను తేలేను" అన్నారు. నన్ను ఆ ఊరికి ఎందుకు పంపారో, అమ్మను ఎందుకు తెమ్మన్నారో అప్పుడర్థమైంది. ఆయనకు మా ఆచారం తెలియక కాదు. నేనే చెప్పాను కదా, కాగితం ముందు పెట్టి. తెలిసే అడిగారు.

నేను లేచి నిలబడ్డాను. కింద నుంచే అరిచాను, మా ఇంటి తెలుగులోనే. "అమ్మా, దొడ్లో కట్టుగొయ్యలెన్ని?"

"పద్నాలుగు" అంది అమ్మ తడుముకోకుండా. ఆ ఊపులోనే వల్లెవేసుకున్నది కూడా మొదలుపెట్టింది. "అయ్యా, ఆ మేచ్చలు మాకు..."

సార్ అమ్మ వైపు తిరిగి చెయ్యెత్తారు. చూపుడువేలు, బొటనవేలు. మా అమ్మకు ఆ సైగ తెలియదు, అయినా ఆగిపోయింది. ఆయన మైకు తన వైపు తిప్పుకున్నారు.

"కొయ్యలు గడ్డి తినవమ్మా" అన్నారు.

దాన్నే తమిళంలో కూడా అన్నారు. హాలంతా గొల్లుమంది. అధికారులు నవ్వారు, కంపెనీవాళ్ళు నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని వేదిక మీద మా అమ్మ కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే, పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. అది చూసి నాకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. చల్లారాలని నాకేమీ లేదు.

బస్సులో తిరిగొస్తున్నప్పుడు అమ్మ మొరప్పూరు దాటిన తర్వాత మెల్లగా అంది. "మంచిగానే చూసుకున్నారు, కుర్చీ ఏసినారు. కానీ నేను అడగాల్సింది అడగనే లేదే పాపా."

నివేదికలో మా ఊరు ఒక వాక్యం. సగటున ఇంటికి రెండు పశువులు, మేత భూమి చెప్పుకోదగ్గ వాడుకలో లేదు. చివరి పేజీలో చిన్న అక్షరాలతో మా ఫెలోల పేర్లు వేశారు. నా పేరు మొదటిసారిగా ఆ సంస్థ కాగితం మీద కనిపించింది అక్కడే. దాన్ని తీసేయమని రాశాను, జవాబు రాలేదు. ఏడాది తిరక్కుండా మేచ్చలు చుట్టూ కంచె పడింది. లోపల వరసలు వరసలుగా నల్లటి పలకలు. అమ్మ మొదట్లో రోడ్డు వారగా మేపింది, తర్వాత గడ్డి కొన్నది, తర్వాత ఒక్కొక్కటే కారిమంగళం సంతకు తోలింది. చివరిది పోయిన రోజు అమ్మ సంతకు రాలేదు. నేనే పోయాను.

ఆయన్ని తర్వాత ఒక్కసారే చూశాను. మా కాలేజీకి ముఖ్య అతిథిగా వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది, నడక నెమ్మదించింది. కారిడార్‌లో నన్ను చూసి ఆగారు. "ఆ... పాపిరెడ్డిపట్టి! ఇంకా కోపమేనా?" అని నవ్వారు, చిన్నపిల్ల అలిగితే అడిగినట్టు. "మా పశువులన్నీ పోయినాయి సార్" అన్నాను. "అయ్యో" అన్నారు. అదే సమయంలో పక్కనుంచి ఎవరో పలకరిస్తే అటు తిరిగి, ఇటు చెయ్యి చాపారు. చేతిలో అదే ఫ్లాస్కు. నా చెయ్యి దానంతటదే లేచి అందుకుంది. నన్ను నేను తిట్టుకుని దాన్ని గోడ వారగా నేల మీద పెట్టి క్లాసుకు వెళ్ళిపోయాను. ఆయన దానికోసం వెతుక్కున్నారో లేదో నాకు తెలియదు.

ఈ వ్యాసం అక్కడితో ఆపుదామనుకుని, పంపకుండా రెండు నెలలు పక్కన పెట్టాను. కానీ నిన్న ఆదివారం మా ఇంటికొక అమ్మాయి వచ్చింది.

మెడలో కార్డు, చేతిలో ట్యాబ్. హోసూరు వైపు పిల్ల, ఇంట్లో తెలుగేనట. కొత్త ఫెలోషిప్‌లో మొదటి బ్యాచి. కార్డు మీద సార్ పేరు ఆ అమ్మాయి పేరుకన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. సోలారు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళలో ఏం మార్పు వచ్చిందో చూస్తున్నారట. మంచి పిల్ల. చెప్పులు బయట విడిచి, వంటింట్లో అమ్మ పక్కనే చాప మీద కూర్చుంది. అమ్మ ఇచ్చిన కాఫీ తాగింది. అన్నీ అడిగి, ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది.

"అవ్వా, పశువులు ఎన్ని ఉండాయి?"

అమ్మ పొయ్యి వైపు చూస్తూ చెప్పింది. "ఏదో రెండు ఉండాయి కన్నూ."

ఆ అమ్మాయి ట్యాబ్ మీద నొక్కింది. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళాను. నేల ఎండిపోయి ఉంది, పేడ వాసన కూడా లేదు. పలుపుతాళ్ళు గోడకు వేలాడుతున్నాయి. కొయ్యలు మాత్రం వరసగా, ఎక్కడివక్కడే.

"ఒక్కటి గూడా లేదే అక్కా!" అంది.

"లేదు. అప్పట్లో కొయ్యకొకటి ఉండినాయి. రెండు కాదు."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పక్కకు వెళ్ళి ఫోను చేసింది, నాకు వినబడాలనే స్పీకరు పెట్టింది. అవతల గొంతు గుర్తుపట్టాను, నన్ను రెండు పేరాలు అడిగిన మేడమే.

"రెస్పాండెంట్ ఏం చెప్పారు?"

"రెండు అన్నారు మేడం. కానీ ఇక్కడ చూస్తే..."

"రెండని వెయ్యి. చెప్పిందే డేటా, తక్కినది కవిత్వం. సార్ ఎప్పుడూ ఏమనేవారో ట్రైనింగ్‌లో చెప్పాం కదమ్మా."

అమ్మాయి ఫోను పెట్టేసి, ట్యాబ్‌లో ఏదో వెతికి, కాస్త ఊరట పడినట్టు నాకు చూపించింది. "పాత సర్వేలో గూడా మీ ఇంటికి రెండే ఉండాది అక్కా. మార్పు లేదని వస్తుంది."

ఆ పిల్లను బస్సెక్కించి వచ్చాను. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. "ఎందుకమ్మా అట్ల చెప్పినావు? ఒక్కటీ లేదు కదా! లేదని చెప్పేదానికేమి?"

అమ్మ నన్ను తెలివి లేనిదాన్ని చూసినట్టు చూసింది. "లేవని ఎట్ల చెప్పేది పాపా? డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాము గానీ, లేవంటామా? లేవంటే మళ్ళా వచ్చేటివి గూడా రావు" అంది. మళ్ళీ వస్తాయని అమ్మ నమ్మకం. అందుకే ఆ కొయ్యలు ఒక్కటి కూడా పీకనివ్వదు.

సంచికవాళ్ళు రెండు పేరాలు అడిగారు. ఇంత రాశాక, ఒక్క వాక్యం చాలనిపిస్తోంది. సార్‌కు నచ్చేట్టు, ఆయన రెండు వేళ్ళ మధ్య సరిగ్గా పట్టేట్టు రాస్తాను, వాళ్ళు వేసుకోవచ్చు. మా ఇంట్లో అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. సార్ లెక్కలో మాకు పోయిందేమీ లేదు.